పట్టుపురుగుల షెడ్డులో పంపు, ఫ్యాను: పవర్ ట్రాన్సిస్టర్, ఆప్టోకప్లర్‌లతో మోటార్లను నడిపే విధానం

పలమనేరు దగ్గర మా బావకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. ఎండాకాలంలో షెడ్డులో తేమ 70 శాతం కంటే తగ్గితే, వేసిన మల్బరీ ఆకు గంట తిరగకముందే వాడిపోతుంది, వాడిన ఆకును పురుగు సరిగా ముట్టదు. అందుకని ఆయన పైకప్పు కింద కొన్ని ఫాగర్లు (నీటిని మంచులా చిమ్మే నాజిళ్లు) బిగించి, వాటికి నీరు అందించడానికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపునొకదాన్ని పెట్టుకున్నారు. గాలి మారడానికి గోడకు 230 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. ఈ రెండూ మనిషి చేతి మీద కాకుండా తేమను, వేడిని బట్టి వాటంతట అవే నడవాలన్నది ఆయన కోరిక. తేమను కొలిచే సెన్సారును ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలరు బోర్డుకు కలిపి, అంకెలు తెర మీద చూపించడం ఒక సాయంత్రం పని. ఆ బోర్డు చెప్పిన మాటను మోటారు వినేలా చేయడంలోనే కష్టమంతా ఉంది. ఆ భాగాన్ని ఎలా కట్టుకోవాలో ఈ పంపు, ఫ్యాను అనే రెండు లోడ్లనే (కరెంటు వాడుకునే పరికరాలనే) ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

దీనికి ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద స్విచ్చును మూసే పరికరం) పెడితే చాలదా అని బావ మొదటే అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. ఫాగర్లు 5 నిమిషాలకొకసారి అర నిమిషం పాటు పని చేయాలనుకుంటే పంపు రోజుకు 288 సార్లు ఆన్ అవుతుంది. చిన్న రిలేలకు పూర్తి లోడు మీద సుమారు లక్ష సార్లు అని ఆయుష్షు రాసి ఉంటుంది కాబట్టి, ఆ లెక్కన అది ఏడాది దాటదు; పైగా డీసీ మోటారును తెంచేటప్పుడు కాంటాక్టుల మధ్య లేచే నిప్పు దాన్ని ఇంకా ముందే తినేస్తుంది. రోజుకు రెండు సార్లు మాత్రమే ఆన్, ఆఫ్ చేసే పని అయితే రిలేనే మేలు, దాని కోసం ఇంత తంటా పడనక్కర్లేదు.

ముందు లోడును కొలవాలి

విడిభాగాల కొట్టుకు వెళ్లే ముందు మోటారు దగ్గర కూర్చోవాలి. ఊనో బోర్డు పిన్ను నుంచి నిశ్చింతగా తీసుకోదగిన కరెంటు 20 మిల్లీఆంపియర్లు, ఏ పరిస్థితిలోనూ దాటకూడని హద్దు 40. మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి పంపుకు వరుసలో కలిపి చూస్తే, ఫాగర్లన్నీ తెరిచి ఉన్నప్పుడు మా పంపు దాదాపు 4 ఆంపియర్లు తీసుకుంది. అంటే పిన్ను ఇవ్వగలిగినదానికి 200 రెట్లు.

అందుకే మధ్యలో ట్రాన్సిస్టరు కావాలి, అంటే చిన్న సంకేతంతో పెద్ద కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చు. అయితే దాన్ని ఈ 4 ఆంపియర్లను చూసి ఎంచుకుంటే పొరపాటే. మోటారు తిరుగుతున్నప్పుడు దానిలో పుట్టే ఎదురు వోల్టేజీ కరెంటును అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్న మోటారులో ఆ ఎదురు వోల్టేజీ ఉండదు కాబట్టి, స్విచ్చు వేసిన క్షణంలో వైండింగు రెసిస్టెన్సు ఒక్కటే కరెంటుకు అడ్డు. ఆ రెసిస్టెన్సును తెలుసుకోవాలంటే మీటరు తీగలను ముందు ఒకదానికొకటి తాకించి అవి చూపే అంకెను రాసుకుని, తర్వాత మోటారు రెండు తీగల మధ్య కొలుస్తూ షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పి, కనిపించిన అన్నిటికంటే తక్కువ అంకెలోంచి మొదటి అంకెను తీసేయాలి. మా పంపుకు 1.2 లోంచి 0.2 పోగా 1 ఓము మిగిలింది. 12 వోల్టులను 1 ఓముతో భాగిస్తే 12 ఆంపియర్లు. పంపు మొదలైన ప్రతిసారీ క్షణకాలం, నీటిలోని సున్నం పేరుకుని లోపల బిగిసిపోతే ఫ్యూజు పోయేదాకా, ట్రాన్సిస్టరు మోయవలసింది ఈ 12 ఆంపియర్లను.

ట్రాన్సిస్టరు ఎంపిక

కొట్టులో అడగగానే చేతికిచ్చేది చాలాసార్లు టిప్122. ఇది రెండు ట్రాన్సిస్టర్లను ఒకదాని వెనుక ఒకటి కలిపి చేసిన డార్లింగ్టన్, 5 ఆంపియర్లు, 100 వోల్టుల దాకా తట్టుకుంటుందని కాగితం మీద ఉంటుంది, బేసుకు (ఆజ్ఞ అందుకునే కాలికి) పదిహేను ఇరవై మిల్లీఆంపియర్లు ఇస్తే చాలు. దాని లోపం మరోచోట ఉంది. పూర్తిగా ఆన్ అయ్యాక కూడా కలెక్టరుకు, ఎమిటరుకు (మోటారు కరెంటు వచ్చిపోయే రెండు కాళ్లకు) మధ్య 4 ఆంపియర్ల దగ్గర దాదాపు 2 వోల్టులు అది తానే ఉంచేసుకుంటుంది. పంపుకు 12 బదులు 10 వోల్టులే అందుతాయి, మిగిలిన 2 వోల్టులు 4 ఆంపియర్లతో గుణిస్తే 8 వాట్ల వేడిగా మారతాయి. ఆ ఆకారంలోని ట్రాన్సిస్టరు హీట్‌సింకు లేకుండా గాలిలో నిలబడితే ఒక్కో వాటుకు సుమారు 62 డిగ్రీలు వేడెక్కుతుంది. 8 వాట్లకు లెక్క వేస్తే దాదాపు 500 డిగ్రీలు వస్తుంది, అంటే అక్కడిదాకా పోకముందే అది కాలిపోతుంది. పాత 2ఎన్3055 గట్టిదే కానీ 4 ఆంపియర్ల దగ్గర దాని కరెంటు గెయిన్ (బేసు కరెంటుకు ఎన్ని రెట్లు పారనిస్తుందన్నది) 20 దాకా పడిపోవచ్చు, అప్పుడు బేసుకే 200 మిల్లీఆంపియర్లు కావాలి. చిన్న సోలినాయిడ్ వాల్వులకు, ఒక ఆంపియరు లోపు మోటార్లకు టిప్122 నేను ఇప్పటికీ వాడతాను. అంతకు మించినవాటికి వాడను.

పంపులాంటి లోడుకు తగినది మాస్‌ఫెట్. ఇదీ ట్రాన్సిస్టరులో ఒక రకమే, కానీ ఆజ్ఞ అందుకునే కాలైన గేటు దగ్గర కరెంటును కాదు, వోల్టేజీని అడుగుతుంది. పూర్తిగా తెరుచుకున్నాక డ్రెయిన్‌కు సోర్సుకు (మోటారు కరెంటు వచ్చిపోయే కాళ్లకు) మధ్య ఓములో వందో వంతు స్థాయి రెసిస్టెన్సు మాత్రమే మిగులుతుంది. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ 55 వోల్టుల రకం, దాని రెసిస్టెన్సు 17.5 మిల్లీఓములు. వేడెక్కినప్పుడు అది పెరిగి 28 దాకా వచ్చిందనుకున్నా, 4 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడి అర వాటు కూడా ఉండదు. గాలిలోనే నిలబెడితే పెరిగేది 28 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో బయటే 40 దాటే ఎండ ఉంటుంది, రేకుల కింద బిగించిన డబ్బాలో 50 ఉంటుందనుకోండి, అయినా 80 లోపే ఆగుతుంది. నేను బొటనవేలంత హీట్‌సింకు ఒకటి పెడతాను, పంపు బిగిసిపోయినప్పుడు ఫ్యూజు పోయేదాకా ఆ కొద్ది సెకన్లు గడవడానికి అది పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటొకటి ఉంది. డేటాషీటులో గేటు థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని చూసి, మన పిన్ను 5 వోల్టులు ఇస్తుంది కదా, సరిపోతుందనుకుంటారు. ఆ థ్రెషోల్డ్ అంకెకు అర్థం ఆ వోల్టేజీ దగ్గర మాస్‌ఫెట్ కేవలం పావు మిల్లీఆంపియరు పారనిస్తుందని, అంటే తలుపు గొళ్లెం ఊడిందని మాత్రమే. పూర్తిగా తెరుచుకున్నట్టు కాదు. 17.5 మిల్లీఓములన్న అంకె గేటుకు 10 వోల్టులు ఇచ్చినప్పటిది. 5 వోల్టులతో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ సగం తెరుచుకుని నిలబడుతుంది, మోటారు తిరుగుతుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది, పది నిమిషాలకు కాలిన వాసన వస్తుంది. పిన్నుతో నేరుగా నడపాలంటే పేరులో ఎఫ్ బదులు ఎల్ ఉన్న ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తీసుకోవాలి, అది 5 వోల్టుల దగ్గరే 25 మిల్లీఓములకు దిగుతుంది. మనం మధ్యలో ఆప్టోకప్లరు పెడుతున్నాం కాబట్టి గేటుకు బ్యాటరీ నుంచే 12 వోల్టులు అందుతాయి, సులభంగా దొరికే ఎఫ్ రకమే చాలు.

ఆప్టోకప్లరు: రెండు గట్ల మధ్య వెలుగు

ఆప్టోకప్లరులో ఒకవైపు ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, మరోవైపు వెలుగు పడితే పారే ఒక ట్రాన్సిస్టరు ఉంటాయి. రెండింటి మధ్య తీగ ఉండదు, వెలుగు ఒక్కటే దాటుతుంది. నాలుగు కాళ్ల పీసీ817 అన్ని చోట్లా దొరుకుతుంది, 5,000 వోల్టుల వరకు రెండు వైపులనూ వేరుగా ఉంచగలదు. చుక్క ఉన్న మూల నుంచి లెక్కపెడితే 1వ కాలు ఎల్‌ఈడీ ప్లస్, 2వది మైనస్, ఎదురు వైపు 3వది ఎమిటరు, 4వది కలెక్టరు. దీని విషయంలో తెలుసుకోవలసిన ముఖ్యమైన అంకె సీటీఆర్, అంటే ఎల్‌ఈడీలో పారే కరెంటులో ఎంత శాతం అవతలి ట్రాన్సిస్టరు పారనిస్తుందన్నది. పేరు చివర అక్షరం లేని పీసీ817కు ఇది 50 నుంచి 600 శాతం మధ్య ఎంతైనా ఉండవచ్చు. చేతికి వచ్చినది 50 శాతందే అనుకుని లెక్క వేసుకోవడం నా అలవాటు, ఎందుకంటే ఎల్‌ఈడీ ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది కూడా.

మామూలు ట్రాన్సిస్టరు సర్క్యూట్లలో అందరం మొదట నేర్చుకునే నియమం, కంట్రోలరు గ్రౌండును (దాని మైనస్‌ను), మోటారు బ్యాటరీ మైనస్‌ను తప్పక కలపాలి అన్నది. ఆప్టోకప్లరు వచ్చాక ఆ నియమం తలకిందులవుతుంది: ఆ రెండు గ్రౌండ్లు ఎక్కడా కలవకూడదు. మా బావ షెడ్డుకు నేను కట్టిన మొదటి బోర్డులో చేతి అలవాటు కొద్దీ రెండింటినీ ఒకే పట్టీ మీద టంకం వేసేశాను. పంపు చక్కగా నడిచింది. ఆగిన ప్రతిసారీ మాత్రం తెర మీద అంకెలు చెదిరి, ఆర్డుయినో మొదటి నుంచి మొదలయ్యేది, మొదలవగానే తేమ తక్కువగా ఉందని మళ్లీ పంపును నడిపేది. రెండు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. మూడో రోజు మీటరును రెండు గ్రౌండ్ల మధ్య పెట్టగానే రెండూ కలిసే ఉన్నాయని అది కూతపెట్టింది; ఆ పట్టీని బ్లేడుతో కోశాక జబ్బు పోయింది.

రెండు వైపులకూ కరెంటు కూడా వేర్వేరుగా రావాలి. ఆర్డుయినోకు ఒక మంచి 5 వోల్టుల ఫోన్ ఛార్జరు, పంపుకు బ్యాటరీ అన్నది మా ఏర్పాటు. ఒకే బ్యాటరీ నుంచి బక్ కన్వర్టరుతో (వోల్టేజీని తగ్గించే చిన్న బోర్డుతో) 5 వోల్టులు తీసుకుని ఆర్డుయినోకు ఇస్తే కన్వర్టరు లోపలే గ్రౌండ్లు కలిసిపోతాయి, అప్పుడు ఆప్టోకప్లరు గేటుకు 12 వోల్టులు అందించే పని మాత్రమే చేస్తుంది, విడదీసే పని చేయదు. దానివల్ల ప్రమాదమేమీ లేదు, అయితే విడదీశామన్న భ్రమలో ఉండకూడదు.

తీగలు కలపడం

ఆర్డుయినో పిన్ను నుంచి 330 ఓముల రెసిస్టెన్సు ద్వారా పీసీ817 1వ కాలికి, 2వ కాలి నుంచి ఆర్డుయినో గ్రౌండుకు కలపాలి. 5 వోల్టుల్లో ఎల్‌ఈడీ 1.2 వోల్టులు తీసుకోగా మిగిలిన 3.8ని 330తో భాగిస్తే దాదాపు 11.5 మిల్లీఆంపియర్లు వస్తాయి, పిన్నుకు ఇది బరువు కాదు. అవతలి వైపు 4వ కాలిని బ్యాటరీ ప్లస్‌కు, 3వ కాలిని 100 ఓముల ద్వారా మాస్‌ఫెట్ గేటుకు కలపాలి. గేటు నుంచి సోర్సుకు 4.7 కిలో ఓముల రెసిస్టెన్సు, దాని పక్కనే గేటు వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే 15 వోల్టుల జీనర్ డయోడు, దాని గీత గేటు వైపు ఉండేలా పెట్టాలి. సోర్సు బ్యాటరీ మైనస్‌కు వెళ్తుంది. పంపు ప్లస్ తీగ ఫ్యూజు తర్వాత బ్యాటరీ ప్లస్‌కు నేరుగా, మైనస్ తీగ డ్రెయిన్‌కు. ఇలా కట్టినప్పుడు పంపు ఆగి ఉన్నా దాని రెండు తీగల్లోనూ 12 వోల్టులు ఉంటాయి. కొన్ని వాహన మోటార్ల మాదిరి మైనస్ బాడీకే కలిసి ఉన్న మోటారును ఈ పద్ధతిలో నడపలేము.

ఆ 4.7 కిలో ఓముల రెసిస్టెన్సు చూడటానికి చిన్నదే కానీ నా దృష్టిలో ఈ బోర్డులో అదే కాపలాదారు. మాస్‌ఫెట్ గేటు ఒక చిన్న కెపాసిటరు వంటిది, ఒకసారి నిండితే దానంతటది ఖాళీ కాదు. ఆప్టోకప్లరు గేటును నింపగలదు, ఖాళీ చేయలేదు. ఎల్‌ఈడీ ఆరినప్పుడు ఆ ఛార్జిని కిందికి దించి పంపును ఆపేది ఈ రెసిస్టెన్సే. దీన్ని మరిచిపోతే పంపు ఆన్ అవుతుంది, ఆఫ్ చేస్తే మాత్రం ఆగీ ఆగకుండా కొట్టుకుంటుంది. ఇది ఉంటే ఆర్డుయినో చెడినా, ఆ వైపు తీగ తెగినా, ఎలుక కొరికినా పంపు ఆగే స్థితిలోకే వస్తుంది.

పంపు వేగాన్ని పీడబ్ల్యూఎంతో (కరెంటును సెకనుకు వందల సార్లు ఆన్, ఆఫ్ చేసే పద్ధతితో) తగ్గించాలనుకునే వారికి ఒక హెచ్చరిక అవసరం. 4.7 కిలో ఓముల ద్వారా గేటు ఖాళీ కావడానికి ఇరవై మైక్రోసెకన్లకు పైగా పడుతుంది, పీసీ817 కూడా నెమ్మది రకమే. ఊనో మామూలుగా ఇచ్చే 490 హెర్ట్జ్ దగ్గర ఒక్కో చక్రం దాదాపు 2,040 మైక్రోసెకన్లు కాబట్టి ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. మోటారు కూత వినిపించకూడదని 20 కిలోహెర్ట్జ్‌కు పెంచితే చక్రమే 50 మైక్రోసెకన్లకు కుదించుకుపోతుంది, మాస్‌ఫెట్ ఎక్కువ సేపు సగం తెరుచుకునే ఉండి మండిపోతుంది. ఆ పనికి టీఎల్‌పీ250 వంటి గేటు డ్రైవరు ఆప్టోకప్లరు వేరే ఉంది.

ఆపే క్షణం

మోటారును ఆన్ చేయడం ఎవరైనా చేయగలరు. దాన్ని ఆపేటప్పుడే భాగాలు పోతాయి. వైండింగులో పారుతున్న 4 ఆంపియర్ల కరెంటు తెంచగానే ఆగడానికి ఒప్పుకోదు. దారి మూసుకుపోతే వోల్టేజీని పెంచుకుంటూ పోయి డ్రెయిన్ దగ్గర మాస్‌ఫెట్ తట్టుకోగల 55 వోల్టులను కూడా దాటి బద్దలుకొట్టుకుని పోతుంది. దానికి మనమే ఒక పక్కదారి ఇవ్వాలి: పంపు రెండు కొనల మధ్య, వెండి గీత ఉన్న వైపు ప్లస్‌కు ఉండేలా ఒక డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం). పంపు నడుస్తున్నంత సేపూ అది నిద్రపోతుంది, ఆపిన క్షణంలో కరెంటు దాని గుండా చుట్టూ తిరిగి చల్లారుతుంది.

1ఎన్4007 ఒక ఆంపియరుది, రిలే కాయిలుకు సరే కానీ ఈ పంపుకు చాలదు. ఆన్, ఆఫ్ మాత్రమే చేసేటట్లయితే 3 ఆంపియర్ల 1ఎన్5408 సరిపోతుంది, ఎందుకంటే కరెంటు దానిలో పారేది కొద్ది మిల్లీసెకన్లే. పీడబ్ల్యూఎం చేస్తే అది సెకనుకు వందల సార్లు పని చేయాలి, అప్పుడు 1ఎన్5822 వంటి షాట్కీ రకమే వాడాలి. డయోడును తిరగేసి పెడితే బ్యాటరీ నేరుగా షార్టు అవుతుంది. టంకం వేసే ముందు గీతను ఒకసారి, వేశాక ఒకసారి చూసుకోవాలి. మోటారు బ్రష్షుల దగ్గర లేచే రొదను అక్కడికక్కడే అణచడానికి 0.1 మైక్రోఫారాడ్ సిరామిక్ కెపాసిటరును మోటారు కాళ్ల మీదే టంకం వేయాలి, బోర్డు దగ్గర 1,000 మైక్రోఫారాడ్ 25 వోల్టుల కెపాసిటరును బ్యాటరీ తీగల మధ్య పెట్టాలి.

బ్యాటరీ ప్లస్ దగ్గర, ఎంత దగ్గర వీలైతే అంత దగ్గర, 7.5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు ఉండాలి. తీగ విషయంలో పిసినారితనం పనికిరాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు ఒక్కో మీటరు పొడవుకు రెసిస్టెన్సు 0.012 ఓములు, పంపు 10 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి 20 మీటర్లు, అక్కడే దాదాపు ఒక వోల్టు పోతుంది. 2.5 తీగతో అది 0.6కు తగ్గుతుంది.

ఇంకొక సంగతి: మాస్‌ఫెట్ చెడితే ఎక్కువసార్లు తెగిపోదు, అతుక్కుపోతుంది, అంటే పంపు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. అందుచేత ఫ్యూజు పక్కన చేతికి అందేలా ఒక మామూలు స్విచ్చును వరుసలో ఉంచడం తప్పనిసరి.

మోటారు కలపకముందు

మొదట బ్యాటరీ లేకుండా ఆర్డుయినో వైపు మాత్రమే నడిపి, పిన్ను ఆన్ అయినప్పుడు పీసీ817 1, 2 కాళ్ల మధ్య 1.2 వోల్టులు ఉన్నాయా అని చూడాలి. తర్వాత పంపు స్థానంలో కారు బ్రేకు లైటులో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బును కలపాలి. మోటారు కాలిపోతుందేమోనన్న భయం లేకుండా పరీక్షించడానికి అంత మంచి లోడు మరొకటి లేదు, ఏం జరుగుతున్నదీ కంటికి కనిపిస్తుంది. బల్బు వెలుగుతున్నప్పుడు గేటుకు, సోర్సుకు మధ్య 11 వోల్టులకు పైగా ఉండాలి. డ్రెయిన్‌కు, సోర్సుకు మధ్య 1.75 ఆంపియర్ల దగ్గర 30 మిల్లీవోల్టుల చుట్టుపక్కల రావాలి. తీగల వల్ల ఇంకొంచెం ఎక్కువ రావచ్చు. అక్కడ 1 వోల్టో, 2 వోల్టులో కనిపిస్తే గేటుకు చాలినంత అందడం లేదని అర్థం. గేటు సరిగానే ఉండి అక్కడ మాత్రం ఎక్కువ కనిపిస్తే, పైన అచ్చయిన పేరు లోపలి సరుకుది కాదు. అలాంటివి మార్కెట్లో చాలానే ఉన్నాయి, ఈ కొలత వాటిని ఒక్క నిమిషంలో పట్టిస్తుంది.

పిన్ను ఆఫ్ చేయగానే బల్బు పూర్తిగా ఆరాలి, ఎర్రగా మినుకు మిగలకూడదు. తర్వాత అన్ని కరెంటులూ తీసేసి, రెండు గ్రౌండ్ల మధ్య మీటరును అత్యధిక రెసిస్టెన్సు రేంజిలో పెడితే అది ఏ అంకె చూపకుండా ఖాళీగా ఉండాలి. ఈ కొలతలన్నీ సరిగా వచ్చాకే పంపును కలపాలి. కలిపాక ఆన్ చేయడం కంటే ఎక్కువగా ఆఫ్ చేస్తూ చూడాలి: వరుసగా 20 సార్లు ఆపి, తెర మీద అంకెలు చెదరలేదంటే రెండు వైపులూ నిజంగా విడిపోయినట్టే.

230 వోల్టుల ఫ్యాను

ఇక్కడి నుంచి తప్పు జరిగితే పోయేది ట్రాన్సిస్టరు కాదు, మనిషి. 230 వోల్టుల వైరింగు చేసిన అనుభవం లేనివారు ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని మాత్రమే చేయాలి. ఆ లైనుకు, కరెంటు బయటికి కారితే వెంటనే తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

ఏసీని మాస్‌ఫెట్ ఒక్కటే ఆపలేదు, దానికి ట్రయాక్ (ఏసీని రెండు దిశల్లోనూ పారనిచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్చు; దాని రెండు ప్రధాన కాళ్లు ఎంటీ1, ఎంటీ2) కావాలి; ట్రయాక్‌ను కదిలించడానికి పీసీ817 బదులు ట్రయాక్ రకం ఆప్టోకప్లరు కావాలి. 230 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర 325 వోల్టులకు చేరుతుంది. 400 వోల్టుల మాక్3041కు అక్కడ మిగిలే వెసులుబాటు కొంచెమే, పల్లె లైనులో పక్క పొలంలో మోటారు ఆగినా ఆ కొంచెమూ పోతుంది. అందుకని 600 వోల్టుల మాక్3063 తీసుకోవాలి. దాని 1, 2 కాళ్లకు మునుపటిలాగే 330 ఓముల ద్వారా పిన్ను. 6వ కాలి నుంచి 360 ఓముల ద్వారా ట్రయాక్ ఎంటీ2 వైపుకు, 4వ కాలు గేటుకు, గేటు నుంచి ఎంటీ1కు 330 ఓములు. ఫ్యాను కూడా వైండింగే కాబట్టి ట్రయాక్ మీద 39 ఓములు, 0.01 మైక్రోఫారాడ్ వరుసలో కలిపి స్నబ్బరుగా (వోల్టేజీ ఎగసిపాటును మింగే జతగా) పెట్టాలి, ఆ కెపాసిటరు ఏసీ లైనుకు తగిన ఎక్స్2 రకమే అయి ఉండాలి. బీటీ136 ట్రయాక్‌కు వెనుక రేకు ఎంటీ2కే కలిసి ఉంటుంది, అంటే హీట్‌సింకు మీద చెయ్యి పెడితే కరెంటు మీద చెయ్యి పెట్టినట్టే. బీటీఏ16కు ఆ రేకు లోపలే విడదీసి ఉంటుంది, నేను అదే వాడతాను. మాక్3063 ఏసీ సున్నా దాటే క్షణంలోనే మొదలవుతుంది కాబట్టి దీంతో ఫ్యానును ఆన్, ఆఫ్ చేయగలం కానీ రెగ్యులేటరులా వేగం తగ్గించలేం.

బోర్డు మీద ఆప్టోకప్లరు కింద ఒక గీత గీసుకోండి. దానికి ఇటువైపు 5 వోల్టులు, అటువైపు 230. ఆ గీతను ఏ రాగి పట్టీ, ఏ తీగ, టంకం చుక్క కూడా దాటకూడదు. ఆప్టోకప్లరు పొట్ట కింది నుంచి పట్టీ పోతే 5,000 వోల్టుల భాగం కొన్నా ప్రయోజనం లేదు. జనరల్ పర్పస్ బోర్డు అయితే ఆ వరుసలోని రాగి చుక్కలను గీకి తీసేయడం మంచిది. ఇదంతా వద్దనుకునేవారికి 25 ఆంపియర్ల తయారు ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) దొరుకుతుంది, లోపల ఉండేది ఈ సర్క్యూటే. దేనితో చేసినా ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా స్నబ్బరు గుండా కొంచెం కరెంటు కారుతూనే ఉంటుంది, కాబట్టి ఫ్యాను తీగ ముట్టే ముందు ఎంసీబీ దించాలి, ప్రోగ్రాంలో ఆపితే చాలదు.

బోరు మోటారును కూడా ఇలాగే నడపవచ్చా అని చిత్తూరు వైపు రైతులు అడుగుతుంటారు. మూడు ఫేజుల మోటారు మీద ట్రయాక్‌తో ప్రయోగాలు వద్దు. దానికి స్టార్టరు, అందులో కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే ఎలాగూ ఉన్నాయి. పచ్చ బటనుకు పక్కన ఒక చిన్న రిలే కాంటాక్టును, ఎర్ర బటనుకు వరుసలో మరొకదాన్ని కలిపి, ఆ రెండు రిలేలను మనం పైన చెప్పుకున్న పద్ధతిలో నడిపితే చాలు. వైండింగును కాపాడే పని స్టార్టరుకే వదిలేయాలి.

డబ్బా

ప్రోగ్రాంలో పంపును 70 శాతం దగ్గర ఆన్ చేసి 78 దగ్గర ఆఫ్ చేయాలి. రెండింటికీ ఒకే అంకె పెడితే ఆ అంకె దగ్గర పంపు కొట్టుకుంటూనే ఉంటుంది. సెన్సారు చెడి ఎప్పుడూ తక్కువే చూపినా పంపు ఒక నిమిషానికి మించి ఒకేసారి నడవకుండా హద్దు పెట్టాలి.

షెడ్డులో బోర్డుకు నీటి కంటే పెద్ద శత్రువు బ్లీచింగ్ పౌడరు. ప్రతి పంటకు ముందు షెడ్డంతా దానితో కడుగుతారు, ఆ వాసన చేరిన చోటల్లా రాగి పచ్చబడుతుంది. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో, తీగలన్నీ అడుగు నుంచే లోపలికి వచ్చేలా గ్లాండ్లు బిగించి, టంకం వైపు పారదర్శక వార్నిష్ రెండు పూతలు పూయాలి. వీలైతే డబ్బాను షెడ్డు గోడకు బయటి వైపు, నీడలో బిగించి, సెన్సారు తీగను మాత్రమే లోపలికి పంపాలి. సెన్సారును పైకప్పు దగ్గర కాకుండా పురుగులున్న మధ్య అరల ఎత్తులో, ఫాగరు తుంపర నేరుగా పడని చోట వేలాడదీయాలి. కడిగే రోజున దాన్ని విప్పి ఇంట్లో పెట్టుకోమని మా బావకు చెప్పాను, ప్లగ్గు పెట్టి ఉంచింది అందుకే.